మూలనపడ్డ తోట ఇంజన్ని మళ్లీ నడిపించడం ఎలా

చిత్తూరు నుంచి ఏ దిక్కుకు పోయినా కాసేపటికే ఒక మామిడి తోపు వస్తుంది. ఆ తోపులో ఒక ఎండిన బావి, బావి గట్టున ఒక రేకుల కొట్టం ఉంటాయి. కొట్టంలో గోతాలు, పాత డ్రిప్ పైపులు, విరిగిన నాగలి మేడి జరిపి చూడండి. చాలాచోట్ల వాటి కింద ఒక చిన్న ఇంజను కనబడుతుంది. పెట్రోలుతో స్టార్టయి, కిరసనాయిలుతో నడిచి, బావిలోంచి రెండంగుళాల పైపుతో నీళ్లు పైకి తెచ్చిన ఇంజను అది. పన్నెండేళ్లుగా నేను ఇలాంటివి వెతికి, తెచ్చి, నడిపిస్తున్నాను. చేతనైనంతవరకు ఆ పని ఎలాగో ఇక్కడ చెబుతాను.

ముందు ఒక విషయం తెలిస్తే మిగతాదంతా సులువు. ఈ ఇంజన్లు ఎందుకు ఆగిపోయాయి? పంపు నీళ్లను పీల్చేది గాలి ఒత్తిడి సాయంతో. లెక్కప్రకారం పది మీటర్ల లోతు నుంచి పీల్చగలదు, నిజంలో ఏడెనిమిది మీటర్లు దాటితే నీళ్లు రావు. బావిలో నీళ్లు దిగేకొద్దీ మన పెద్దవాళ్లు బావి లోపల మెట్టు కొట్టి, ఇంజన్ని తాళ్లతో దానిమీదికి దించారు. నీళ్లు ఇంకా దిగాయి. బోర్లు వచ్చాయి, వాటిలోకి సబ్‌మెర్సిబుల్ మోటార్లు దిగాయి, 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. నిన్నటిదాకా బాగా నడిచిన ఇంజన్ని ఒకరోజు ఆపి కొట్టంలో పెట్టి తలుపేశారు. అంతే.

అంటే మీ చేతికి వచ్చే ఇంజను అరిగిపోయి ఆగింది కాకపోవచ్చు. నీళ్లు అందక ఆగింది. ఇరవై ఏళ్లు కదలకపోవడమే దాని జబ్బు. ఆ జబ్బుకు చేసే వైద్యం వేరు, అరుగుదలకు చేసేది వేరు. చాలామంది తేగానే లేత్ అంగడికి తీసుకుపోయి బోరు కొట్టించి, అంటే సిలిండరు లోపలి గోడను గీయించి పెద్దది చేయించి, కొత్త రంగు పూస్తారు. మంచి ఇంజన్లు పాడయ్యేది అక్కడే.

ఎక్కడ వెతకాలి, ఏది తేవాలి

తెలిసినవాళ్ల తోటలే మొదటి చోటు. మామిడి కోతలయ్యాక, జూలై ఆగస్టుల్లో రైతుకు కాస్త తీరిక ఉంటుంది, అప్పుడు పోయి అడగండి. గుజిరీ అంగళ్లు రెండో చోటు. అక్కడ నేను మొదటిసారి ఒక ఇంజన్ని చూపించి ధర అడిగితే, అంగడాయన “ఇనుముకా నైనా, ఇంజనుకా?” అని అడిగినాడు. ఇనుముకైతే కాటా మీద పెట్టి కేజీ లెక్క, ఇంజనుకైతే నోటి లెక్క. నిజం చెప్పి కేజీ లెక్కకంటే కాస్త ఎక్కువే ఇచ్చి తెచ్చుకున్నా. అప్పటి నుంచి అలాంటిది ఏది వచ్చినా పగలగొట్టకముందు నాకు ఫోను చేస్తాడు. రాగికోసం ఇంజన్ని పగలగొట్టడానికి పది నిమిషాలు చాలు కాబట్టి ఆ ఫోను విలువ చాలా పెద్దది.

ఒక జాగ్రత్త. తోటల్లో మోటార్లు, స్టార్టర్లు, వైర్లు దొంగతనం పోవడం మనకు కొత్తకాదు. ఎవరి దగ్గర కొన్నా ఎక్కడిదో అడగండి, ఒక తెల్లకాగితం మీదైనా రాయించి సంతకం తీసుకోండి. సందు దొరికితే చాలు నంబరు ప్లేటు పీకేసిన ఇంజన్ని చౌకగా అంటగట్టేవాళ్లు ఉంటారు. ప్లేటు లేకుండా, అది ఎందుకు లేదో చెప్పలేకుండా ఉంటే వదిలేయండి.

మొదటి ఇంజనుగా ఒక మనిషి ఎత్తగలిగిందే తెచ్చుకోండి. ఇంగ్లండులోని విలియర్స్ నమూనా మీద మన దేశంలో తయారై ఎన్‌ఫీల్డ్, గ్రీవ్స్ పేర్లతో తిరిగిన చిన్న ఇంజన్లు మన వైపు దొరుకుతాయి. ప్లేటు మీద మార్క్ 12, మార్క్ 25 లాంటి రాత ఉంటుంది. గ్రీవ్స్ చిన్న ఇంజన్ల ఫ్యాక్టరీ ఉండింది మనకు గంట దూరంలోని రాణిపేటలోనే. అందుకే రాణిపేట, వేలూరు వైపు పాత స్పేరుపార్టుల అంగళ్లలో అడిగితే రింగులు, పాయింట్లు, గాస్కెట్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి. అక్కడ దొరక్కపోతే చెన్నై పుదుపేట.

రెండు పెద్ద ఫ్లైవీళ్లతో (ఇంజనుతోపాటు తిరిగే బరువైన చక్రాలు) నిమిషానికి 600, 650 చుట్లు మాత్రమే తిరిగే లిస్టర్ రకం డీజిలింజన్లు కూడా కనబడతాయి. ఇంగ్లండు నమూనాను చూసి రాజ్‌కోట్‌లో వేలకొద్దీ చేశారు. దాని టక్ టక్ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మరిచిపోలేరు. కానీ దాన్ని కదిలించడానికే చైన్‌బ్లాకు, నలుగురు మనుషులు కావాలి. అది మీ మూడో ఇంజనో నాలుగో ఇంజనో కానివ్వండి.

విప్పకముందు

ఇంటికి తెచ్చిన రోజు స్పానరు పట్టకండి. ఫోనుతో నాలుగు పక్కలా, పైనా కిందా ఫోటోలు తీయండి. ఇంజను వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు స్ప్రింగు ఏ చిల్లులో తగిలించి ఉంది, కార్బొరేటరు రాడ్డు ఏ వైపు వంగింది, వైరు ఏ దారిన పోయింది, ఇవన్నీ దగ్గరగా. స్ప్రింగుకు ఐదు చిల్లులుంటే, దాన్ని వాడినాయన ఏదో కారణంతోనే మూడోదాన్లో పెట్టి ఉంటాడు. ఫోటో లేకపోతే రేపు మీకది తెలియదు.

తర్వాత ప్లేటు. ఇత్తడి ప్లేటయితే నానబెట్టిన చింతపండు గుజ్జు గుడ్డకు రాసి మెల్లగా తుడవండి. అక్షరాల గుంటల్లో రంగు మిగిలి ఉంటే దానిమీద రుద్దొద్దు. అల్యూమినియం ప్లేటుకు సబ్బునీళ్లు చాలు. ఉప్పుకాగితం ఏ ప్లేటునూ తాకకూడదు. మోడలు, నంబరు, చుట్ల వేగం ఒక నోటుపుస్తకంలో రాసి, ఇచ్చినవాళ్ల ఊరు, ఏ బావి మీద ఎన్నేళ్లు నడిచింది, చివరగా ఎప్పుడు ఆగింది అనేవి కూడా రాయండి. ఇవి చెప్పేవాళ్లు ఎక్కువకాలం ఉండరు.

రేకు డబ్బాలు, పాత ఐస్‌క్రీం కప్పులు ఓ పది పెట్టుకోండి. ఒక్కో భాగం నట్లు, బోల్టులు ఒక్కోదాన్లో. పనికిరాదనిపించే ముక్కను కూడా పారేయకండి. పాకాల దగ్గర ఒక తోటలో తెచ్చిన ఇంజన్లో ట్యాంకు పట్టీ కింద వాషరుకు బదులు నడుమ చిల్లున్న ఒక రాగి నాణెం ఉండింది. 1943 నుంచి కొన్నేళ్లు అచ్చేసిన చిల్లుకాణీ. ఏ మెకానిక్కో, ఆ తోటాయనో చేతికందినదాన్ని బిగించినాడు. దాన్ని కడిగి మళ్లీ అక్కడే పెట్టి బిగించాను. ఆ ఇంజను కథలో అదీ ఒక భాగం.

పట్టేసిన ఇంజన్ని వదిలించడం

ఫ్లైవీలు చేత్తో తిప్పితే కదలదు. పదింటిలో ఏడెనిమిది ఇలాగే దొరుకుతాయి. అందరూ పిస్టన్ పట్టేసిందనుకుంటారు. ఆగండి. పంపు ఇంజనుకు బిగించే ఉంటే ముందు దాన్ని విప్పి వేరు చేయండి. పంపు లోపల నీళ్లు నిలిచి తుప్పుపట్టి, లోపలి చక్రం డొక్కుకు కరుచుకుని ఉండొచ్చు. నా రెండో ఇంజన్లో తొమ్మిది రోజులు సిలిండరులో ఆయిలు పోస్తూ ఎదురుచూశాను. పదో రోజు పంపు విప్పితే ఫ్లైవీలు ఒంటి వేలితో తిరిగింది. ఆ తొమ్మిది రోజులూ ఇంజనుకు ఏ రోగమూ లేదు.

పంపు తీసినా కదలకపోతే ప్లగ్గు విప్పండి. ప్లగ్గు చిల్లులోంచి టార్చి వేసి చూస్తే పిస్టన్ ఎంత పైన ఉందో కొంతవరకు తెలుస్తుంది. కిరసనాయిలు సగం, ఏటీఎఫ్ అనే గేరుబాక్సు ఆయిలు సగం కలిపి ఐదారు చెంచాలు పోయండి. అంగట్లో దొరికే తుప్పువదిలే స్ప్రే కూడా పనిచేస్తుంది కానీ అది తొందరగా ఆవిరవుతుంది. ఈ మిశ్రమం రింగుల పక్కన నిలబడి నెమ్మదిగా కిందికి దిగుతుంది. రోజూ పొద్దున, సాయంత్రం ఫ్లైవీలును రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ, బలం పెట్టకుండా, ఊపినట్టు కదిలించండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ పోసి వదిలేయండి. మొదటి వారంలో ఏమీ జరగలేదని దిగులుపడొద్దు. నాకు ఒకటి ఇరవై ఆరు రోజులకు వదిలింది.

చేయకూడనివి మూడు. ఫ్లైవీలు రెక్కల్లోకి గడ్డపార దూర్చి తిప్పడం, ఆ రెక్కలు పోత అల్యూమినియం, పుటుక్కున విరుగుతాయి, విరిగితే అతుకు సరిగా కుదరదు. ప్లగ్గు చిల్లులోంచి రాడ్డు పెట్టి పిస్టన్ నెత్తిన కొట్టడం. గ్యాసు మంటతో సిలిండరును ఎర్రగా కాల్చడం. మూడోది చేయమని చెప్పేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు, మర్యాదగా వినండి, చేయకండి.

నెల దాటినా రాకపోతే హెడ్డు, అంటే సిలిండరు పైమూత, తీయాలి. బోల్టుల చుట్టూ ముందురోజే ఆయిలు పోసి, ఎదురెదురుగా, ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. హెడ్డు వచ్చాక సిలిండరు గోడ మీద కనబడే తుప్పును ఆయిలు తడిపిన నూలుగుడ్డతో తుడవండి. పిస్టన్‌కు సరిపడే చింతమొద్దు ముక్కను గుండ్రంగా చెక్కించి, దాన్ని పిస్టన్ మీద ఆనించి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టండి. చింత గట్టిది, పిస్టన్‌ను గీయదు. ఒకసారి కొట్టి, ఒకసారి ఫ్లైవీలు ఊపి, మళ్లీ ఆయిలు. ఇదీ వరస.

వాల్వులు సిలిండరు పక్కన ఉండే సైడు వాల్వు ఇంజన్లలో అవి కూడా పట్టేస్తాయి. పక్కనున్న చిన్న మూత విప్పితే వాల్వు కాళ్లు, స్ప్రింగులు కనబడతాయి. పైకిపోయి దిగకుండా నిలిచిన వాల్వుకు అక్కడే ఆయిలు పోసి, రోజుకింత తట్టుతూ దించండి. దిగాక వాల్వు పేస్టుతో కూర్చోబెట్టాలి. డబ్బాలో ఒక పక్క ముతక, ఇంకో పక్క సన్నం ఉంటుంది, ఎక్కువసార్లు సన్నం ఒక్కటే చాలు. అంచు చుట్టూ ఒకే వెడల్పులో బూడిదరంగు గీత వచ్చిందాకా తిప్పండి. తర్వాత వాల్వు మూసి, దారిలో కాస్త కిరసనాయిలు పోసి ఐదు నిమిషాలు చూడండి. చెమ్మ దిగకపోతే పని అయిపోయినట్టే.

ఇప్పుడు సిలిండరు గోడ మీద వేలిగోరు పైనుంచి కిందికి జార్చండి. మచ్చ కంటికి కనబడినా గోరుకు తగలకపోతే దాన్ని వదిలేయండి. గోరు ఆగే గుంటలుంటేనే కొలిపించే ఆలోచన చేయాలి. నా మొదటి ఇంజన్ని ఒక లేత్ అంగడికి ఇచ్చినప్పుడు, నేను వచ్చేలోపలే బోరు పెద్దది చేసేశారు. అవసరమే లేదు. ఆ సైజుకు పిస్టన్ ఎక్కడా దొరకలేదు. రెండేళ్లు ఆ ఇంజను పడకేసింది. ముందు పిస్టన్ చేతిలోకి వచ్చాకే బోరు కొట్టించాలని ఆ రోజే నేర్చుకున్నా. రింగులు పిస్టన్ గాడిలో కరుచుకుని ఉంటే పట్టకారుతో లాగొద్దు. పిస్టన్‌ను కిరసనాయిలులో రెండు మూడు రోజులు నాననిచ్చి, రేకు ముక్కలు కింద దూర్చి మెల్లగా పైకి తేవాలి. పోతయినుము రింగులు గాజులాగా తునుగుతాయి.

నిప్పు, పెట్రోలు

నిప్పు ఫ్లైవీలు లోపలి అయస్కాంతాల నుంచి పుడుతుంది, దీనికి బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీలు తీయడానికి పుల్లర్ కావాలి, అద్దెకైనా తెచ్చుకోండి. లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పు పుట్టించే రెండు పాయింట్లు ఉంటాయి. ఇరవై ఏళ్ల పొర కట్టి ఉంటుంది, సన్నటి ఉప్పుకాగితాన్ని మధ్యలో పెట్టి ఒకటి రెండుసార్లు లాగి, తర్వాత తెల్ల అట్టముక్కతో తుడవండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఖాళీ 0.4 మిల్లీమీటరు దగ్గర ఉండాలి, ప్లగ్గుకు 0.5 నుంచి 0.6. ప్లగ్గును వైరుకు తగిలించి, దాని ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి ఫ్లైవీలు చురుగ్గా తిప్పితే నీలిరంగు నిప్పు ఠప్‌మని కనబడాలి. పసుప్పచ్చగా, సన్నగా వస్తే ముందు కండెన్సరు మార్చి చూడండి. కాయిలు పోయిందని తొందరపడి చుట్టించొద్దు. ఈ పరీక్ష చేసేటప్పుడు దరిదాపుల్లో పెట్రోలు డబ్బా ఉండకూడదు.

ట్యాంకు లోపల తుప్పుంటే పిడికెడు సన్న గులకరాళ్లు, సబ్బునీళ్లు వేసి కుదిపి కుదిపి పారబోయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా. ఎండలో బాగా ఆరబెట్టి కొంచెం ఆయిలు లోపల తిప్పండి. కార్బొరేటరులో పెట్రోలు చిమ్మే జెట్టు ఇత్తడిది, దాని చిల్లు సన్నటిది. ఇనపతీగ దూర్చారంటే చిల్లు పెద్దదవుతుంది, ఇక ఎప్పటికీ నల్లపొగే. కొబ్బరీనె చివర సన్నగా చెక్కి దాంతో తీయండి. ఈనె విరిగినా జెట్టుకు హాని లేదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటుంది. మన చెరుకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి వచ్చే ఇథనాలే కానీ, ఈ ఇంజన్లు పుట్టిన కాలానికి అది లేదు. పాత రబ్బరు గొట్టాలను, ట్యాంకు కుళాయిలోని బెండు వాషరును పాడుచేస్తుంది, గాలిలో తేమను లాక్కుంటుంది. అందుకే గొట్టాలు, వాషర్లు కొత్తవి వేయండి, పని కాగానే ట్యాంకు, కార్బొరేటరు రెండూ ఖాళీ చేయండి. ఇది మాత్రం మరవకండి, ఇంజన్లు మళ్లీ మూలనపడటానికి నేను చూసిన మొదటి కారణం ఇదే.

తుప్పు తీయడం, రంగు జోలికి పోకపోవడం

చిన్న ఇనుప సామాన్లకు నేను కరెంటు తొట్టి వాడతాను. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, లీటరుకు ఒక చెంచా లెక్కన బట్టల సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు. తుప్పుపట్టిన వస్తువుకు నెగటివ్ క్లిప్పు, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప రేకుకు పాజిటివ్. రెండూ తాకకూడదు. ఒక రాత్రి ఉంచితే తుప్పు నల్లని బురదలా వదులుతుంది, బ్రష్షుతో కడిగేయొచ్చు. మంచి ఇనుము ఒక్క పిసరు కూడా పోదు. స్టీలు గిన్నె ముక్కను పాజిటివ్‌కు వాడొద్దు, నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది. అల్యూమినియం, ఇత్తడి ఇందులో వేయొద్దు. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి తొట్టి ఆరుబయట ఉండాలి, క్లిప్పులు తీసేముందు చార్జరు ఆపాలి.

రంగు విషయంలో నా మాట కొందరికి నచ్చదు. పాత రంగులో సగం మిగిలున్నా నేను కొత్తది పూయను. కడిగి, ఆరబెట్టి, సన్నగా ఆయిలు గుడ్డతో తుడుస్తాను. స్టార్టు చేసే తాడు లాగి లాగి కప్పీ పక్కన మెరుపెక్కిన చోటు, తోటాయన గోరుతో గీసిన బావి నంబరు, ఇవన్నీ ఒక డబ్బా రంగు కింద పోతాయి. తప్పక గీకాల్సివస్తే పొడిగా గీకొద్దు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. నీళ్లు పోస్తూ తడిగా రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీకండి. పాత గాస్కెట్లు, సైలెన్సరుకు చుట్టిన తెల్లటి తాడు ఆస్‌బెస్టాస్‌వి కావచ్చు, వాటినీ తడిపే తీయాలి.

నడిపించే రోజు

ఆయిలు కొత్తది పోయండి. కట్టుగా ఒక చదునైన దిమ్మె మీద బోల్టులతో బిగించండి, నేల మీద ఊరికే పెట్టి నడిపితే ఎగిరి పక్కకు పోతుంది. ఆరుబయటే నడపండి. బావి మెట్టు మీద నడిపిన కాలంలో పొగ కిందే నిలిచి బావిలోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు. బావిలో, కొట్టంలో, మూసిన గదిలో ఒక్క నిమిషం కూడా వద్దు.

కుళాయి పెట్రోలు వైపు తిప్పి, తాడు ముడిని కప్పీ గాడిలో వేసి, రెండు మూడు చుట్లు చుట్టి లాగండి. తాడు రెండో కొనను చేతికి చుట్టుకోవద్దు, పిడికిట్లో పట్టుకోవాలి అంతే. ఇంజను ఎదురుతన్నితే చుట్టుకున్న చెయ్యి విరుగుతుంది. మొదట్లో దగ్గుతుంది, తెల్లపొగ వస్తుంది, సిలిండరులో పోసిన ఆయిలు కాలుతున్న పొగ అది. నాలుగైదు నిమిషాలు పెట్రోలు మీదే, బరువు లేకుండా నడవనివ్వండి.

కిరసనాయిలు పెట్రోలులా చల్లగా ఆవిరి కాదు. పొగగొట్టం వేడి తగిలి ఇంజను బాగా కాగాకే కుళాయి కిరసనాయిలుకు తిప్పాలి. ముందే తిప్పితే మండని కిరసనాయిలు గోడల వెంట కారి కింద ఆయిల్లో కలుస్తుంది. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి రెండు నిమిషాలు నడిపి ఆపండి, లేకపోతే రేపు స్టార్టు కాదు. ఆయిలు గేజి తీసి వాసన చూడండి, కిరసనాయిలు వాసన కొట్టినా, మట్టం పెరిగినా ఆయిలు మార్చేయాలి. రేషను కార్డు మీద నీలం కిరసనాయిలు వచ్చిన రోజులు పోయాయి కాబట్టి నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే దాంతో నడుపుతా, మిగతా అప్పుడు పెట్రోలుతోనే.

వీలుంటే మొదటిసారి నడిపేటప్పుడు ఇచ్చినాయన్ని పిలవండి. చంద్రగిరి వైపు ఒక పెద్దాయన వచ్చి, నేను ఎంత సర్దినా కుదరని ఇంజను చప్పుడు విని, “గాలి ఎక్కువైంది బ్బా, ఆ మర అర చుట్టు మూయి” అన్నాడు. మూస్తే కుదిరింది. ఏ పుస్తకంలోనూ లేని ఆ అర చుట్టు ఇప్పుడు నా నోటుపుస్తకంలో ఉంది.

ఇంకో రెండు యంత్రాలు

ఇంజను వెతుకుతూ పోతే ఇంకా రెండు రకాలు ఎదురవుతాయి. తోసే గడ్డికోత యంత్రం ఒకటి. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడింగ్ అనే ఆయన, మిల్లుల్లో బట్టల మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి దీన్ని చేశాడు. మనవైపు పాత బంగళాల్లో, అతిథి గృహాల్లో, కాలేజీ స్టోరు రూముల్లో దొరుకుతాయి. పాత సంస్థలు పనికిరాని సామాన్లు వేలం వేసేటప్పుడు నోటీసు పెడతాయి, చూస్తుండండి.

అది కోయకపోతే పదును పోయిందనుకుని విడిగా సానకు ఇస్తారు. అలా చేయకండి. మెలికలు తిరిగిన చుట్టుబ్లేడ్లు, కింద కదలని బ్లేడు, ఈ రెండూ కత్తెరలా ఒకదాన్నొకటి రాసుకుంటేనే గడ్డి తెగుతుంది. వాల్వు పేస్టు ముతకది చుట్టుబ్లేడ్ల అంచులకు పూసి, వాటిని వెనక్కి తిప్పండి. రెండూ ఒకదానికొకటి సానబెట్టుకుంటాయి. కిరసనాయిలుతో కడిగి, పక్క బోల్టులు కొద్దికొద్దిగా బిగిస్తూ దినపత్రిక ముక్కను మధ్యలో పెట్టి తిప్పి చూడండి. ఈ కొస నుంచి ఆ కొసదాకా కాగితం శుభ్రంగా తెగాలి. వేళ్లు దూరం పెట్టుకోండి. చక్రాల లోపల పంటి మీద జారే చిన్న ఇనుప ముక్కలు ఉంటాయి, ఎడమదీ కుడిదీ మారితే యంత్రం తోస్తున్నా బ్లేడ్లు తిరగవు.

రెండోది మామిడికి మందు కొట్టే రాకర్ స్ప్రేయరు. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టడానికి తాతల కాలం చెట్ల కొమ్మల దాకా అందాలంటే ఇదే దిక్కు. ఒకరు పిడి ఊపుతుంటే ఇంకొకరు పొడవాటి గొట్టంతో కొట్టేవాళ్లు. ఆస్పీలాంటి పేర్లు దాని మీద చూస్తారు. పంపు లోపలి తోలు వాషరు ఎండి రాయిలా ఉంటుంది. ఒక రాత్రి ఆముదంలో నానబెడితే మెత్తబడి మళ్లీ పనిచేస్తుంది, నేను కొత్తది వేసింది రెండుసార్లే.

కానీ దీన్ని విప్పేముందు చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు వేసుకోవాలి. ఇందులో ఏ మందు పోశారో ఎవరికీ గుర్తుండదు. 1997లో నిషేధించిన బీహెచ్‌సీ, 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్ లాంటివి గొట్టం మడతల్లో, పంపు అడుగున ఎండిపోయి ఉండొచ్చు. ఆరుబయట, బావికి, కాలువకు, పశువుల తొట్టికి దూరంగా సబ్బునీళ్లతో మూడుసార్లు కడగండి. రబ్బరు గొట్టం ఏదైనా సరే మార్చేయండి. నడిచేలా చేసినా అందులో ఉత్త నీళ్లే పోసి చూపించండి, కూరగాయల మీదికి వాడొద్దు.

దాచిపెట్టడం

మనకు వాన గట్టిగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం దీనికి పెట్టుకోండి. ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ. ప్లగ్గు తీసి రెండు చెంచాల ఆయిలు సిలిండరులో పోసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి ప్లగ్గు బిగించండి. తర్వాత ఫ్లైవీలును మెల్లగా తిప్పుతూ చేతికి గట్టిగా ఎదురు తగిలే చోట ఆపండి. అక్కడ రెండు వాల్వులూ మూసి ఉంటాయి, తేమ లోపలికి పోదు. పొగగొట్టం నోటికి గుడ్డ కుక్కండి, లేకపోతే కందిరీగలు గూడు కడతాయి. గోనెపట్ట కప్పండి, ప్లాస్టిక్ పట్ట వద్దు, అది చెమ్మను పట్టి ఉంచుతుంది. నెలకోసారి గోనె తీసి ఫ్లైవీలును రెండు చుట్లు తిప్పి, మళ్లీ ఎదురు తగిలే చోటే ఆపి, ఆ తేదీ నోటుపుస్తకంలో రాయండి.